భూగర్భ రైలు పలికే మూడు స్వరాలు

న్యూయార్కు భూగర్భ రైలుమార్గాలలో 2, 5 నంబరు బండ్లెక్కేవారికి చిరపరిచితమైన వింత ఒకటి ఉంది. బండి స్టేషను విడిచి కదలగానే పెట్టె అడుగు నుండి మూడు స్వరాలు ఒకదాని వెంట ఒకటి వినవస్తాయి. లియొనార్డ్ బెర్న్‌స్టైన్ స్వరపరచిన 1957 నాటి సంగీత నాటకం 'వెస్ట్ సైడ్ స్టోరీ'లోని 'సమ్‌వేర్' పాట ఎత్తుగడను అవి తలపిస్తాయి. కర్ణాటక సంగీత పరిభాషలో చెప్పాలంటే, షడ్జమం నుండి కైశికి నిషాదానికి ఎగసి, చతుశ్రుతి ధైవతానికి దిగినట్లుంటుంది. ఇది ఎవరైనా కూర్చిన సంగీతమా? లేక యంత్రంలోని లోపమా?

సమాధానానికి తొలి ఆధారం శ్రోత చెవిలోనే ఉంది. చక్రాల వల్లనో, పళ్ళచక్రాల వల్లనో పుట్టిన ధ్వని అయితే, వేగంతోపాటు దాని స్థాయి కూడా ఎడతెగక పెరగాలి. ఇక్కడ అలా జరగదు. బండి వేగం పుంజుకుంటున్నా ఒక్కొక్క స్వరం కొంతసేపు నిలకడగా పలికి, పిమ్మట ఒక్కసారిగా మరొక స్వరానికి మారుతుంది. కనుక దీని పుట్టుకకు కారణం చక్రం కాదు, విద్యుత్తు.

పట్టాల పక్కనుండే మూడవ పట్టా నుండి బండికి అందేది సుమారు 600 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. పాత బండ్ల మోటార్లు దానితోనే తిరిగేవి. 2000లో ప్రవేశించిన ఈ రకం బండ్ల మోటార్లకు ఏకాంతర విద్యుత్తు కావాలి. ఆ మార్పిడి చేసే సాధనమే ఇన్వర్టరు. అందులోని అర్ధవాహక స్విచ్చులు ప్రవాహాన్ని సెకనుకు వందలాది సార్లు తెంచి కలుపుతాయి. ఆ లయకు అనుగుణంగా అయస్కాంత బలం హెచ్చి తగ్గుతూ, మోటారులోని తీగచుట్లను, ఇనుప భాగాలను కంపింపజేస్తుంది. ఆ కంపనమే ధ్వనిగా చెవి సోకుతుంది. నియంత్రణ సాధనం ఈ పౌనఃపున్యాన్ని మెట్లు మెట్లుగా మార్చడం వల్ల ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క స్వరమవుతుంది. అవి పాటను పోలడం కేవలం యాదృచ్ఛికం.

జపానులోని కేక్యూ రైల్వే కథ వేరు. 1998లో వచ్చిన అక్కడి బండ్లలో జర్మనీకి చెందిన సీమెన్స్ ఇంజనీర్లు ఈ మెట్లను స్వరశ్రేణిలా ఉద్దేశపూర్వకంగానే అమర్చారు. సాధనాల మార్పుతో 2021లో ఆ గానం ముగిసింది. స్విచ్చుల పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఇటువంటి ధ్వనులు వినికిడి పరిధిని దాటిపోతాయి.

వింత శబ్దం విన్నప్పుడు భయపడనక్కరలేదు, ఉపేక్షించనూ రాదు. అది ఎప్పుడు మొదలవుతుంది, వేగంతో మారుతుందా అన్నది గమనించాలి. సొంత కారులో వినిపించే అపరిచిత ధ్వనికీ ఇదే తొలి పరీక్ష.