పాత బొమ్మ విమానములు – వానిని గుర్తించు విధము

మెరసినదెల్ల బంగారమని నమ్మువారు కోలారు గనుల సీమలో కానరారు. గీటురాయిపై గీచి, తూచి, పరీక్షించిన పిదపనే మనవారు మాట చెప్పుదురు. పాత వస్తువుల విషయమునను ఇదియే నీతి. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచట గనుల నిర్వహణకు పూనుకొన్నది మొదలు ఆంగ్లేయుల కుటుంబములు, ఆంగ్లో-ఇండియనుల కుటుంబములు పెక్కు ఈ ప్రాంతమున నివసించినవి. అట్టి చోట పాత పెట్టె అడుగున చిన్న లోహపు విమానమొకటి దొరకుట అసంభవము కాదు. దొరకినచో దానిని పాతసామాను కొనువానికి తూకమున కమ్ముటకు ముందు చూడవలసిన గుర్తులను ఈ వ్యాసమున వివరింతుము.

మొదట లోహమును పరీక్షింపవలెను. కరగిన లోహమును ఉక్కు అచ్చులోనికి ఒత్తిడితో పంపి పోతపోసిన బొమ్మలకు 'డైకాస్ట్' బొమ్మలని పేరు. ఈ లోహములో అధికభాగము తుత్తునాగము. అందు నూటికి నాలుగువంతుల అల్యూమినియము, స్వల్పముగా రాగి, మెగ్నీషియము కలియును. దీనిని అయస్కాంత మాకర్షింపదు. రెక్కలు, దేహము అయస్కాంతమున కంటుకొనినచో అది రేకు బొమ్మ. ఇరుసులు, పంకాలు మాత్రమే అంటుకొనినచో కంగారుపడ నక్కరలేదు. అవి ఉక్కుతోనో రేకుతోనో చేసినవై యుండవచ్చును. అంటుకొనకయు, మిక్కిలి బరువుగా, మెత్తగా నుండి కాగితముపై బూడిదరంగు గీత పెట్టినచో అది సీసపు బొమ్మ. పాత రంగులలోను సీసముండును గనుక వీనిని పసిపిల్లల నోటికి అందనీయరాదు.

రెండవది, పేరు. బొమ్మను వెల్లకిల వేసి రెక్కల అడుగున చూడవలెను. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో కంపెనీవారు 1934 నుండి 'డింకీ టాయ్స్' అను పేరుతో బొమ్మలమ్మిరి. వానిలో విమానములు ప్రసిద్ధములు. ఆ కర్మాగారము 1979లో మూతపడినది. మనదేశమునకును ఈ కథతో సంబంధము కలదు. డింకీ అచ్చులు కొన్ని 1960 దశకపు చివర కలకత్తాకు చేరగా, వానితో చేసిన బొమ్మలు 'నిక్కీ టాయ్స్' అను పేర అమ్ముడుపోయినవి. ఆకారము డింకీవలె నుండి పేరు నిక్కీ అయినచో అది నకిలీ కాదు, మనదేశపు చేతిపని.

మూడవది, కాలము. ఒకే అచ్చు పేరు మార్చుకొని మరల వచ్చుట కలదు. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు 'బోయింగ్ ఫ్లయింగ్ ఫోర్‌ట్రెస్' అను పేరుతో వచ్చిన డింకీ విమానమే యుద్ధానంతరము 'లాంగ్ రేంజ్ బాంబర్' అను పేరుతో వచ్చెను. కావున ఆకారమును బట్టి గాక అడుగునున్న అక్షరములను బట్టి కాలమును నిర్ణయింపవలెను. పెట్టెపై సంఖ్యయు అట్టిదే. 1954లో 702వ సంఖ్యతో వచ్చిన కామెట్ విమానము తరువాత 999గా మారినది. రెక్కలపై గల నమోదు అక్షరములు దేశమును తెలుపును: 'జి' బ్రిటనుకు, 'వి.టి.' మనదేశమునకు గుర్తు.

నాలుగవది, అరుదుదనము. పాతదెల్ల అరుదు కాదు. తక్కువగా చేసినది, లేక ఎక్కువగా నశించినది మాత్రమే అరుదు. మొదటిదానికి ఆవ్రో వల్కన్ ఉదాహరణము. 1950 దశకమున డింకీవారు దీనిని అల్యూమినియముతో కొలదిగా చేసి కెనడాలో అమ్మిరి. రెండవదానికి యుద్ధపూర్వపు విమానములు ఉదాహరణము. తుత్తునాగపు మిశ్రమములో సీసము రవంత కలిసినను కాలక్రమమున గాలిలోని తేమ లోహపు స్ఫటికముల అంచులగుండా లోనికి చొచ్చును. అంత లోహము ఉబ్బి, నెఱ్ఱెలు విచ్చి, రెక్కలు వంగి, తుదకు పొడియగును. ఈ వ్యాధికి మందు లేదు; పొడిగా నుండు చోట భద్రపరచి దానిని మందగింపజేయుట ఒక్కటే మార్గము. ఆనాటి విమానము నేటికిని నిండుగా నిలిచియున్నదన్నచో దాని విలువ కిదియే కారణము.

కడపటిది, రంగు. తొలిరంగు సన్నగా, అంచులయందు అరిగి కనబడును. మరల పూసిన రంగు అక్షరముల పల్లములలో నిండి వానిని మూసివేయును. తలిదండ్రులకు మా మనవి యేమన, పిల్లలు ముచ్చటపడి పాత బొమ్మను గీకి క్రొత్తరంగు పూయబోయిన వారింపుడు. అరిగిన తొలిరంగు పోయినచో తిరిగి రాదు. విద్యార్థులకు మా మాట యేమన, మార్చిన చక్రమును, మరల పూసిన రంగును, క్రొత్తగా ముద్రించిన పెట్టెను దాచి అసలైనదని చెప్పి అమ్ముట మోసము. ఉన్నది ఉన్నట్లు చెప్పి అమ్మిన దోషము లేదు.

వెల సంగతి యటుండనిండు. 1940లో బెంగుళూరున హిందుస్థాన్ విమాన కర్మాగారము వెలసినది. అనగా, మన కిరుగుపొరుగున విమానములు కట్టుట మొదలిడిన నాళ్లకే ఈ బొమ్మలలో కొన్ని చెందియుండవచ్చును. అట్టి దానిని పారవేయుటకు ముందు ఒక్కసారి వెల్లకిల వేసి చదువుడు. దొరకిన గుర్తులను, కొలతలను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఆ వ్రాత లేనిచో మంచి వస్తువును తరువాతి వారి చేతిలో ఉత్త లోహపు ముక్కయే యగును.