గాల్ఫ్ క్రీడలో పట్టింగ్ సాధన

గాల్ఫ్ అనగానే మనకు స్ఫురించునది ఆకాశమున కెగయు బంతి. కాని జయాపజయములను తరచుగా తేల్చునది నేలపై దొర్లు బంతియే. పదునెనిమిది గుంటలకు సాధారణముగా నిర్ణయించిన 72 దెబ్బలలో, గుంటకు రెండు చొప్పున 36 దెబ్బలు గుంట చుట్టునున్న నున్నని పచ్చికపై కొట్టుటకే ఉద్దేశింపబడినవి. ఆ పచ్చికను గ్రీన్ అనియు, అచట వాడు కర్రను పట్టర్ అనియు, ఆ దెబ్బను పట్ అనియు అందురు.

1970లో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్‌లో జరిగిన ఓపెన్ పోటీలో, చివరి గుంట వద్ద డగ్ శాండర్స్‌కు మిగిలినది మూడడుగులైనను నిండని ఒక్క పట్. అది పడినచో ఆయనయే విజేత. కొట్టుటకు నిలిచిన పిమ్మట దారిలో ఏదో ఉన్నదని తోచి వంగి సవరించి, మరల మొదటినుండి సిద్ధపడకయే కొట్టెను. బంతి కుడిప్రక్కగా తప్పిపోయినది. మరునాటి అదనపు ఆటలో జాక్ నిక్లాస్ ఒక్క దెబ్బ తేడాతో గెలిచెను.

గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళములు. లెక్కవేసి చూచినచో, మూడడుగుల నుండి బంతి దిశ మూడు డిగ్రీలు అటునిటు తప్పినను గుంట అందును. పదడుగుల నుండి ఒక్క డిగ్రీకి మాత్రమే అవకాశము. అదియు బంతి నెమ్మదిగా చేరినప్పుడే. వేగము హెచ్చినచో అంచును తాకి బయటపడును.

కనుక దిశకొక సాధన, వేగమునకొక సాధన వలయును. దిశకై బంతికి అడుగు దూరమున రెండు మేకులను, బంతి కంటె కొంచెమే ఎడముగా పాతి, వాని నడుమనుండి కొట్టవలెను. మేకు తగిలినచో తప్పు చేతిదే. నేల వాలుపై నెపము వేయుటకు వీలులేదు! వేగమునకై పది, ఇరువది, ముప్పది అడుగులకు మార్చి మార్చి కొట్టవలెను. కొట్టిన వెంటనే కన్నులు మూసికొని, బంతి ముందే ఆగెనో దాటిపోయెనో చెప్పి, పిదప చూడవలెను.

మేము చాలకాలము ఒకేచోటి నుండి ఇరువది బంతులు వరుసగా కొట్టి, అదియే సాధన అనుకొంటిమి. రెండవ బంతికే దారి తెలిసిపోవును గనుక తక్కినవి చేతికి పని మాత్రమే. దానికంటె వాలుగానున్న గ్రీన్‌పై గుంట చుట్టు మూడడుగుల దూరమున గడియారపు అంకెలవలె బంతులనుంచి, ఒక్కటి తప్పినను మొదటికి వచ్చుట మేలు. పదునొకండు పడిన పిదప పండ్రెండవ దానికి చేయి వణకుట మాకు అనుభవమే. శాండర్స్ అవస్థ అప్పుడు కొంత తెలియును.

హైదరాబాదులో గోల్కొండ నయాఖిలా మైదానమునకు పోగలవారు కొందరే. తక్కినవారికి వసతిగృహపు తివాచీ చాలును. పడుకోబెట్టిన స్టీలు గ్లాసు గుంట కంటె ఇరుకు గనుక గురి బాగుగా కుదురును. సిమెంటు నేలపై మాత్రము బంతి మితిమీరి దొర్లును. అచట దిశనే నేర్వవలెను, వేగమును కాదు.