చేతికి తగిన కత్తి

తమిళంలో 'వెట్టు' అంటే నరకడం, 'వెట్టరివాళ్' అంటే నరికే కొడవలి. మన ఇళ్లలో ఆ పనిముట్టునే వేటకొడవలి అంటాము. వేట అంటే అడవిలో జంతువును తరమడమని ఒక అర్థం, జాతరలో కొట్టే పొట్టేలని ఇంకొక అర్థం. వేటు అంటే దెబ్బ. వీటిలో దేనికి ఏది మూలమో తేల్చడం పండితుల పని. రెండు భాషలతో పెరిగిన మనబోటి వారికి ఒక భాషలో ఇంకొకటి వినిపించడం అలవాటే గదా! అయితే ఈ నెల మేము రాయదలచినది ఆ కొడవలిని గురించి కాదు, దానికి తమ్ముడివంటి వేటకత్తిని గురించి. అదీ బజారులో అట్టపెట్టెలో అమ్మే కత్తి కాదు. కొలిమిలో కాల్చి, ఒక మనిషి చెయ్యి చూసి, కొయ్యపిడి వేసి చేసే కత్తి.

కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల్లో పాతకాపురాల తెలుగు ఇళ్లలో అటకమీదనో, కొయ్యపెట్టె అడుగుననో ఇటువంటి కత్తి ఒకటి ఉండడం కద్దు. పిడి వదులై, అలుగు తుప్పు పట్టి ఉంటుంది. ఎవరిదని అడిగితే "తాతగారిది" అంటారు, అంతకుమించి ఎవరికీ తెలియదు. మధుర నాయకుల కాలంలో ఈ సీమకు వచ్చి పాళెగాళ్లుగా స్థిరపడిన తెలుగువారికి వేట ఒక వినోదమే గాక, సేనను అలవాటులో ఉంచే సాధన కూడా. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మనను కయత్తారులో 1799 అక్టోబరు 16న ఉరితీశారు. 1801లో ఆయన తమ్ముడు ఊమైదొర పోరాటం కూడా ముగిసింది. ఆ ఏడాది డిసెంబరులో మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు పాళెగాళ్ల సీమల్లో ఆయుధాలు నిషేధిస్తూ ప్రకటన చేశాడు; కోటలు పడగొట్టారు. ఈటెలూ ఖడ్గాలూ పోయిన ఇంట్లో మిగిలేవి వంటింటి కత్తిపీట, పొలంలో కొడవలి, వేటకు పోయేవాడి నడుముకత్తి, అంతే.

వేట ముచ్చట ఈ సీమలో ఎంత బలంగా ఉండేదో చెప్పడానికి కుక్కలే సాక్షి. రాజపాళెయం కుక్క, చిప్పిపారై కుక్క రెండూ వేటకు పెంచిన జాతులే. రాజపాళెయం కుక్క బొమ్మతో తపాలా శాఖవారు 2005లో బిళ్ల కూడా వేశారు. కాని వేట మాత్రం 1972 నాటి వన్యప్రాణి చట్టంతో ఆగిపోయింది. ఇప్పుడు కుందేలును పట్టినా నేరమే. వల్లనాడు గుట్టల్లో కృష్ణజింకల కోసం 1987లో అభయారణ్యం ఏర్పడింది, శ్రీవిల్లిపుత్తూరు అడవి 2021లో పులుల రక్షణ అడవి అయింది. ఇది జరగవలసిందే. వేట పోయినందుకు మాకు విచారం లేదు. జింకలు నిలిచాయి, చాలు.

మరి ఆ కత్తి ఎందుకు? వేటకత్తి పోట్లాటకు పుట్టినది కాదని ముందు తెలుసుకోవాలి. వేటగాడికి జంతువు పడిన తరువాతనే కత్తితో పని: తోలు ఒలవడం, కీళ్ల దగ్గర విడదీయడం, తాడు కోయడం, పుల్లలు చెక్కడం. అందుకే దాని అలుగు పొడుగు కాదు, నాలుగంగుళాలు చాలు. మొన దగ్గర పదును పొట్టలా కొంచెం ఉబ్బి ఉంటుంది, తోలు చిరగకుండా ఒలవడానికి. ఈ గుణాలన్నీ పండుగనాడు మాంసం సవరించడానికీ, మల్లెపొద కత్తిరించడానికీ, ప్రయాణంలో పండు కోసుకోవడానికీ అక్కరకొచ్చేవే.

మేము ఎరిగిన కొల్లన్ పట్టరై ఒకటి కోవిల్‌పట్టికి దగ్గరలోనే ఉంది. మనం కొలిమి అనేదాన్ని ఇక్కడ పట్టరై అంటారు. అక్కడి పనివారు మాటలకంటె చూపుతోనే ఎక్కువ చెబుతారు. ఆదివారాలు మేము అక్కడ నిలబడి చూసినదే ఇక్కడ రాస్తున్నాము.

కత్తికి కావలసింది ఉక్కు. గేట్లు చేసే మెత్తని ఇనుములో వెయ్యి పాళ్లకు 2 పాళ్లో, అంతకు తక్కువో కర్బనం ఉంటుంది. దాన్ని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. లారీ కమాను పట్టీలో 5, 6 పాళ్లు ఉంటుంది. మధుర నుంచి కన్యాకుమారి పోయే రహదారి విరుదునగరం, సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగానే పోతుంది గనుక పాత కమానులకు మనకు కరువు లేదు, పాత ఇనుప కొట్లో తూకానికి దొరుకుతాయి. అయితే ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు. పనివాడు దాన్ని వేలాడదీసి సుత్తితో తట్టి వింటాడు. గంటలా మోగితే మంచిది; బొంగురుపోతే పక్కన పడేస్తాడు.

ఉక్కు మాట వచ్చింది గనుక ఒక్క ముక్క. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి చేసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. ఇంగ్లీషులో 'వూట్జ్' అన్న మాట మన 'ఉక్కు'కు వికృతి అంటారు. లండనులో స్టోడార్టు అనే కత్తుల పనివాడు మైకేలు ఫారడేతో కలిసి 1820 ప్రాంతంలో ఆ ఉక్కు రహస్యం వెతికాడు. విద్యుత్తుకు పేరుపడ్డ ఫారడే అంతకుముందు కత్తుల ఉక్కుతో కుస్తీ పట్టాడని పిల్లలకు చెప్పవచ్చు.

పట్టరైలో సీమతుమ్మ బొగ్గు వాడతారు. ఈ జిల్లాల్లో ఆ చెట్టుకూ, ఆ బొగ్గుకూ కొదవ లేదు. తోలుతిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది. పట్టీ నారింజపండు రంగుకు వచ్చినప్పుడే సమ్మెట పడాలి. ఎరుపు ఆరిపోయాక కొడితే పగులుతుంది. తెల్లగా కాగి మెరుపులు రాలేదాకా ఉంచితే ఉక్కు మాడిపోతుంది, దానికిక మందు లేదు. ముందు మొన తీస్తారు, తరువాత పదును వైపు పలచన చేస్తారు, చివరకు పిడిలోకి పోయే తోక సాగదీస్తారు. తరువాత ఎర్రగా కాల్చి గాలికి ఆరనిస్తారు, సమ్మెట దెబ్బల బిగువు విడిపోవడానికి. ఆకురాయితో రూపు తేల్చడం, రివిట్లకు బెజ్జాలు వేయడం అప్పుడే కావాలి. గట్టిపడిన తరువాత డ్రిల్లు దిగదు.

ఇక ఆయువుపట్టు ముంచడం. చెర్రీ పండు ఎరుపు అని పుస్తకాలు అంటాయి. ఈ నల్లరేగడి నేలలో చెర్రీ పండు చూసినవారెవరు? పనివాడు సూదంటురాయి దగ్గర పెట్టి చూస్తాడు. అలుగు దానికి అంటుకోవడం మానేసిందంటే వేడి సుమారు 770 డిగ్రీలు దాటిందన్నమాట. ఇంకొంచెం కాగనిచ్చి నూనెలో ముంచుతాడు. నూనెకు పేరుపడ్డ విరుదునగరం పక్కన ఉండగా నూనె దొరకదన్న చింత లేదు. వేరుసెనగ నూనెతోనే పని జరుగుతుంది. కొడవళ్లకు నీళ్లు వాడేవారున్నారు గాని, కమాను ఉక్కుతో చేసిన పలచని కత్తిని నీళ్లలో ముంచితే టప్పున పగిలే ప్రమాదం ఉంది. నూనెలోంచి తీసిన కత్తి గాజులాగా పెళుసు. కింద పడితే విరగవచ్చు. అందుకని దాన్ని తోమి తెల్లబరచి, ఎర్రగా కాలిన ఇనుపదిమ్మ మీద వీపు ఆనించి నిదానంగా వెచ్చబెడతారు. అప్పుడు లోహం మీద రంగులు నడుస్తాయి: ఎండుగడ్డి రంగు, గోధుమ, వంగపండు, నీలం. కత్తికి పదును దగ్గర గడ్డి రంగు రాగానే ఆపాలి. దెబ్బలు తినే కొడవలికి ఇంకొంచెం పోనివ్వాలి. ఆ రంగు నిమిషంలో దాటిపోతుంది. పనివాడు ఆ సమయంలో ఎవరితోనూ మాట్లాడడు, ఫోను మోగినా తీయడు.

ఇంతవరకు జరిగింది ఏ చేతికైనా చేసే పని. చెయ్యిని చూసి చేసేది పిడి. కత్తి కావాలన్నవాణ్ణి పనివాడు ముందుగా అరచెయ్యి చాపమంటాడు, జాతకం చూసినట్లే! నాలుగు వేళ్ల వెడల్పు కొలుస్తాడు, దానికి బొటనవేలి పాటి జాగా కలుపుతాడు. సాధారణంగా నాలుగు, నాలుగున్నర అంగుళాలు వస్తుంది. తరువాత పిడికిలి బిగించమని, వేళ్లకొనలు అరచేతిలో ఎక్కడ తగులుతాయో చూస్తాడు. పిడి లావు దాన్నిబట్టి ఉంటుంది. గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటే పిడి సన్నమైపోయినట్లు, వేళ్లు చుట్టి రాకపోతే లావైనట్లు. పిడి గుండ్రంగా ఉండకూడదు, కోడిగుడ్డును నొక్కినట్లు కోలగా ఉండాలి. చీకట్లో పట్టుకున్నా పదును ఎటువైపు ఉన్నదో చెయ్యి తెలుసుకోవాలి. ఎడమచేతివాటమా అని అడుగుతాడు. అట్టపెట్టె కత్తిని అమ్మేవాడు ఈ మాట ఎన్నడైనా అడిగాడా?

కొయ్య సంగతి. నల్లరేగడిలో పెరిగిన నల్లతుమ్మ నాగళ్లకు, పనిముట్ల పిడులకు పూర్వంనుంచీ పేరుపొందినది. గట్టిది, బరువైనది, లోపల ముదురు గోధుమ రంగు చేవ ఉంటుంది. చింతచేవ కూడా మంచిదే. వేప సులువుగా చెక్కవచ్చు గాని నునుపు అంతగా రాదు. ఏ కొయ్య అయినా పచ్చిది పనికిరాదు. అంగుళం మందానికి ఒక ఏడాది చొప్పున నీడన ఆరబెట్టాలని వడ్రంగులు లెక్క చెబుతారు. తొందరపడి పచ్చికొయ్య వేస్తే కోవిల్‌పట్టి ఎండలకు అది కుంచించుకుపోయి పిడి వదులవుతుంది, లేదా నెర్రె విచ్చుతుంది. తాతగారి కత్తుల్లో పిడి ఇంకా బిగువుగా ఉన్నదంటే, ఆ కొయ్యను ఆరబెట్టినవాడికి ఓపిక ఉన్నదని అర్థం.

పిడి వేయడంలో రెండు పద్ధతులు. తోకను అలుగంత వెడల్పుగానే ఉంచి, రెండువైపులా చెక్కలు అదిమి ఇత్తడి రివిట్లు కొట్టడం ఒకటి. తోకను సన్నగా సాగదీసి, కొయ్యలో బెజ్జం వేసి, లక్క కరిగించి పోసి దించడం రెండవది; కొయ్య చీలకుండా మొదట్లో ఇత్తడి పొన్ను తొడుగుతారు. ఫిన్లాండు దేశంలో పూక్కో అనే నడుముకత్తికి బిర్చి కొయ్య పిడిని ఈ రెండవ పద్ధతిలోనే వేస్తారు. మంచులో బతికేవారికీ, ఎండలో బతికేవారికీ ఒకే ఉపాయం తోచింది!

అమెరికాలో చేతికత్తుల పని మళ్లీ గౌరవం సంపాదించుకున్న విధం మనవాళ్లు తెలుసుకోదగినది. బాబ్ లవ్‌లెస్ (1929–2010) అనే ఆయన చేసిన వేటకత్తులకు పెద్ద గిరాకీ ఉండేది. బిల్ మోరాన్ మొదలైనవారు 1976లో కమ్మరుల సంఘం పెట్టారు. అందులో పైపట్టా కావలసినవాడు తాను చేసిన కత్తితో వేలాడే తాడును ఒక్క వేటుకు తెంచాలి, దూలపు చెక్కను నరకాలి, ఆ తరువాత అదే పదునుతో చేతిమీది వెంట్రుకలు గీయాలి, చివరకు కత్తిని బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. గట్టిదనం పదునుకూ, సాగుడు వీపుకూ పంచడం తెలిసినవాడే నెగ్గుతాడు. మన పట్టరైలో పనివాడు రంగులు చూసి చేసేదీ అదే; పట్టా మాత్రం లేదు.

పట్టా లేకపోగా అనుమానం ఒకటి వచ్చిపడింది. దక్షిణ జిల్లాల్లో అరివాళ్ అనగానే పోట్లాటలు గుర్తుకు రావడం మామూలైంది. శివగంగ జిల్లా తిరుప్పాచేత్తి అరివాళ్ల పనితనానికి పేరుపొందిన ఊరు. సినిమాల పుణ్యమా అని ఆ పేరు ఇప్పుడు బెదిరింపు మాట అయింది. కరుప్పసామికి మొక్కుబడిగా నిలువెత్తు అరివాళ్ చేసి ఇచ్చే చేతులే అవి. 2021 సెప్టెంబరులో తమిళనాడు పోలీసులు రౌడీలపై దాడులు చేస్తూ, కొలిమివారు కొనేవారి పేరు, చిరునామా రాసిపెట్టుకోవాలని, సేద్యానికీ ఇంటి పనికీ తప్ప అమ్మరాదని చెప్పారు. మంచి ఉద్దేశమే. అయితే బల్లముందు కూర్చుని రిజిస్టర్లు రాసే మాబోటివారికి అది సులువు. మసిచేతులతో సమ్మెట కొట్టేవాడికి కష్టం. నలుగురు కొనేవారిలో ఇద్దరు పేరు రాయించడం ఇష్టంలేక బజారు కత్తివైపు పోతే, పట్టరై పొయ్యి ఆరిపోతుంది.

చట్టం ఏమంటుందో తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. అలుగు 9 అంగుళాలకు మించి పొడుగో, 2 అంగుళాలకు మించి వెడల్పో ఉన్న కత్తులను ఆయుధ నిబంధనలు ఆయుధాలుగా లెక్కిస్తాయి. ఇంటికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవి అందులో చేరవు. నాలుగంగుళాల కత్తి ఇంట్లో పనికి ఉంచుకోవడానికి జంకవలసినది లేదు. అంతమాత్రాన నడుముకు దోపుకుని బజారులో, బస్సులో తిరగమని కాదు.

మీ అటకమీద పాతకత్తి ఉంటే తూకానికి వేయకండి. కరెంటు సానచక్రానికి అసలే ఇవ్వకండి. ఆ వేడికి పదును దగ్గర నీలి చార కనిపించిందా, ఆ మేర పట్టించిన గట్టిదనం పోయినట్లే. ఆముదం రాసి ఒక రాత్రి ఉంచి, తుప్పును ఇటుకపొడితో తుడవండి. నీళ్లు చిలకరిస్తూ సానరాయి మీద చేత్తోనే నూరండి. పిడి వదులైతే పట్టరైకి తీసుకువెళ్లండి. కొత్త నల్లతుమ్మ చెక్కలు రెండు వేయడం ఒక పూట పని. కత్తి ఎవరు వాడబోతారో వారినే వెంటబెట్టుకుపోండి, ఆడవారైనా సరే. కొలిచేది వారి చెయ్యే గనుక. తయారయ్యాక పిడికి అవిసెనూనె పలచగా రెండు మూడు పూతలు వేసి, ఒక్కొక్కటి ఆరనివ్వాలి. తోలుఒరలో దాచకండి, తోలు తేమ పీల్చి అలుగును తినేస్తుంది. నూనెగుడ్డలో చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టండి.