ఇచ్చే మనసుంటే చాలదు, కొలత కూడా కుదరాలి

ఇంట్లో ఒకరికి కాలేయం పూర్తిగా చెడిపోయిందని, మార్పిడి తప్ప వేరే దారి లేదని డాక్టరు చెప్పగానే “నాది తీసుకోండి” అంటూ భార్యో, తమ్ముడో, కొడుకో ముందుకు వస్తారు. రక్తం గ్రూపు కూడా కలుస్తుంది. అయినా పరీక్షలన్నీ అయ్యాక “మీ కాలేయం సరిపోదు” అన్న జవాబు రావచ్చు. ఆ మాట విని తమలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోయేవారున్నారు. చాలాసార్లు అది లోపం కాదు, కొలత కుదరకపోవడమే.

ఎంత ముక్క కావాలి?

పెద్దవారి కాలేయం సుమారుగా శరీర బరువులో 2 శాతం ఉంటుంది. అందులో కుడి భాగం పెద్దది, సాధారణంగా 60 నుండి 65 శాతం. కాలేయానికి తిరిగి పెరిగే శక్తి ఉంది కనుకనే బ్రతికి ఉన్న దాత నుండి ఒక భాగం తీసి అమర్చగలుగుతున్నారు. ఆ ముక్క రోగి బరువులో కనీసం 0.8 శాతం ఉండాలన్నది ఎక్కువగా పాటించే లెక్క. 70 కిలోల రోగికి 560 గ్రాములన్నమాట. పొట్టలో నీరు చేరి ఉంటే ఆ నీటి బరువు తీసివేసి లెక్క కట్టాలి.

ముక్క చిన్నదైతే ఏమవుతుంది?

ప్రేగుల నుండి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరుతుంది. ముక్క చిన్నదైనంత మాత్రాన ఆ రక్తం తగ్గదు. చెరువు నీరంతా పిల్లకాలువలోకి వదిలితే గట్లు తెగుతాయి కదా! అలాగే ఒత్తిడికి ముక్క దెబ్బతింటుంది. కామెర్లు తగ్గవు, పొట్టలో నీరు ఊరుతూనే ఉంటుంది, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఈ ఒత్తిడిని తగ్గించే పద్ధతుల్లో అనుభవమున్న కేంద్రాలు కొందరికి ఇంకా చిన్న ముక్కతోనూ ఆపరేషన్ చేస్తున్నాయి.

పసిపిల్లల సంగతి వేరు. ముక్క మరీ పెద్దదైతే పొట్టలో పట్టదు, దానికి రక్తమూ చాలదు. వారికి ఎడమవైపు చిన్న ముక్క చాలు. 1998లో ఢిల్లీలో ఒక తండ్రి తన పసివాడికి ఇచ్చింది కాలేయంలో అలాంటి చిన్న భాగమే.

దాతకు ఎంత మిగలాలి?

దాతకు తన కాలేయంలో కనీసం 30 శాతం మిగలాలి. 35 అయితే మరీ మంచిది. ఆ 70 కిలోల రోగికి 42 కిలోల భార్య దాత అనుకుందాం. ఆమె కాలేయం సుమారు 840 గ్రాములు, కుడి భాగం 500 గ్రాములు. అది ఆయనకు చాలదు. తమ్ముడి కాలేయం 1300 గ్రాములు, కానీ కుడి భాగమే 72 శాతం ఉందనుకోండి. అన్నకు కావలసినదానికంటే ఎక్కువే దొరుకుతుంది, తమ్ముడికి మాత్రం 28 శాతమే మిగులుతుంది. ఒకరిని బ్రతికించబోయి ఇంకొకరిని ప్రమాదంలోకి నెట్టకూడదు.

ఈ కొలతలు సీటీ స్కాన్‌తో ముందే తెలుస్తాయి. కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంటే ముక్క బరువున్నా పని తక్కువ చేస్తుంది. డాక్టరు సలహాతో తిండి తగ్గించి, రోజూ నడిచి, కొన్ని వారాల్లో కొవ్వు కరిగించుకొని దాతలైనవారున్నారు.

కుటుంబాలకు మా మనవి

ఒక్కరి మీదే ఆశ పెట్టుకోకుండా, ఇష్టంగా ముందుకు వచ్చే దగ్గరి బంధువులందరి సంగతీ డాక్టరుకు చెప్పండి. మరణించిన దాతల అవయవాల కోసం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ కింద పేరు నమోదు చేయించండి. ఎవరినీ బలవంతపెట్టకండి. కొలత కుదరక వెనుదిరిగిన వారిని నిందించకండి. ఇస్తానని వచ్చిన వారి ప్రేమకు తక్కెడలో తూకం లేదు.