చలికాలపు క్యాబిన్‌లో తొమ్మిది పాటలు

డాక్టరు కనిపిస్తే పత్రికవారు ఆరోగ్యం మీద వ్యాసం అడగడం రివాజు. రక్తపోటు గురించీ, చక్కెర వ్యాధి గురించీ మీరు ఇదివరకే ఎన్నో చదివారు. అయినా పండక్కి బొబ్బట్లు మానలేదు. కనక ఈసారి ఒక పాటల ఆల్బమ్ గురించి రాస్తాను. నాకు సంగీతం రాదు. కాని ఈ కథలో జ్వరం ఉంది, కాలేయం ఉంది, ఒక డాక్టరు కూడా ఉన్నాడు. కాబట్టి పూర్తిగా నా పరిధి దాటినట్టు కాదు.

జస్టిన్ వెర్నన్ 1981లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓ క్లేర్ అనే ఊళ్ళో పుట్టాడు. అక్కడే చదువుకున్నాడు. 2005లో స్నేహితులతో కలిసి, తమ సంగీత బృందంతో సహా నార్త్ కరోలినాలోని రాలీకి మకాం మార్చాడు. 2006లో ఆ బృందం విడిపోయింది. ప్రేమించిన అమ్మాయితోనూ తెగిపోయింది. ఇవి చాలనట్టు మోనోన్యూక్లియోసిస్ వచ్చి, కాలేయం కూడా దెబ్బతిని మంచాన పడ్డాడు. లేచి తిరగగలిగాక, సామాను కారులో పడేసుకుని స్వరాష్ట్రానికి వచ్చేశాడు. ఓ క్లేర్‌కు గంట ప్రయాణం దూరంలో, అడవిలో, వాళ్ళ నాన్నగారికి వేటకోసం వాడుకునే క్యాబిన్ ఒకటి ఉంది. 2006-07 చలికాలంలో సుమారు మూడు నెలలు అక్కడ ఉండిపోయాడు. కట్టెలు కొట్టుకున్నాడు, జింకమాంసం వండుకున్నాడు. ఆల్బమ్ చెయ్యాలన్న సంకల్పంతో వెళ్ళినవాడు కాడు.

ఇక్కడ డాక్టరుగా రెండు మాటలు. ఈ జబ్బు సాధారణంగా ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ వల్ల వస్తుంది. మన దేశంలో చాలామందికి అది పసితనంలోనే సోకుతుంది. పెద్దగా ఎవరికీ తెలియదు కూడా. ఇక్కడ చాలామంది పిల్లలకు హైస్కూలు, కాలేజీ వయసులో మొదటిసారి తగిలి, జ్వరం, గొంతునొప్పి, మెడలో బిళ్ళలు, విపరీతమైన నీరసం తెస్తుంది. గుంటూరులో చదివే రోజుల్లో నేను దీన్ని పుస్తకంలో చూశానే గాని, మంచం మీద చూసింది ఈ దేశం వచ్చాకే. ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతే మందు. నీరసం కొందరిని నెలల తరబడి వదలదు. మీ పిల్లలకు వస్తే, ప్లీహం వాచి ఉండవచ్చు కనక, డాక్టరు సరేననే దాకా ఫుట్‌బాల్ లాంటి ఆటలకు పంపకండి.

జబ్బుగా పడుకున్న రోజుల్లో వెర్నన్ ఒక పాత టీవీ సీరియల్ చూశాడు. పేరు ‘నార్తర్న్ ఎక్స్‌పోజర్’; 1990 నుంచి 1995 వరకు ప్రసారమైంది. న్యూయార్క్ కుర్ర డాక్టరు ఒకడు, అలాస్కా ప్రభుత్వం తన చదువుకు డబ్బు కట్టినందుకు, అక్కడి ఒక మారుమూల ఊళ్ళో పనిచెయ్యాల్సి వస్తుంది. అందులో మొదటి మంచు పడ్డ రోజున ఊరివాళ్ళు ఒకరికొకరు ఫ్రెంచిలో ‘మంచి చలికాలం’ అని శుభాకాంక్షలు చెప్పుకుంటారు. వెర్నన్ తన కొత్త పేరు అక్కణ్ణుంచే తీసుకున్నాడు: ‘బోన్ ఈవేర్’. ఫ్రెంచి వర్ణక్రమం రాస్తే ఇంగ్లీషు ‘లివర్’ గుర్తొస్తోందని, అందులో ఒక అక్షరం ఎగరగొట్టాడు!

క్యాబిన్‌లో ఉన్నవి ఒక మామూలు మైకు, పాత కంప్యూటరు, గిటారు, కొద్దిపాటి డ్రమ్ములు. తన మామూలు గొంతు వదిలి, సన్నటి పైగొంతుతో పాడాడు. ఆ గొంతు మీదే మళ్ళీ మళ్ళీ పాడి, పొరలు పొరలుగా రికార్డు చేసి, ఒక్కడే భజన బృందమంత అయ్యాడు. మొదట మాటలు లేవు. ఉత్త శబ్దాలతో రాగం కూనిరాగంలా తీసి, తరవాత విని, ఆ శబ్దాలకు దగ్గరగా వచ్చే మాటలు కూర్చాడు. మన సినిమా కవులు బాణీకి పాట రాసినట్టే. అందుకే మొదటిసారి విన్నప్పుడు అర్థం దొరకదు, మంచు మాత్రం వినిపిస్తుంది. తొమ్మిది పాటలు, ముప్పయ్యేడు నిమిషాలు. పేరు ‘ఫర్ ఎమ్మా, ఫరెవర్ ఎగో’. ఎమ్మా అంటే ఒక మనిషి కాదు, మనసు చిక్కుకుపోయే ఒక చోటు అన్నాడట. మనకు ఎంకి ఉంది కనక ఇది కొత్తగా తోచదు. 2007లో తానే ఐదువందల కాపీలు వేసుకున్నాడు. 2008లో జాగ్‌జగ్వార్ కంపెనీ విడుదల చేశాక దేశమంతా విన్నది. 2012లో, రెండో ఆల్బమ్ తరవాత, ‘ఉత్తమ నూతన కళాకారుడు’ అని గ్రామీ బహుమతి ఇచ్చారు!

నేను ఈ పాటలు మొదట విన్నది వీసా షరతు కింద, డాక్టర్లు లేని ఒక చిన్న ఊళ్ళో పనికి చేరిన చలికాలంలో. మా ఆవిడ మరో రాష్ట్రంలో రెసిడెన్సీ చేస్తోంది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అమ్మ ఫోనులో ‘అన్నం తిన్నావా’ అంటే తిన్నానని అబద్ధం చెప్పేవాణ్ణి. దిగులు జబ్బు పసిగట్టడానికి మేము రోగుల చేత నింపించే కాగితంలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఒక రాత్రి ఆ కాగితం నేనే నింపుకున్నాను. వచ్చిన మార్కులు ఒక రోగికి వచ్చి ఉంటే, మర్నాడే రమ్మని కబురు పెట్టేవాణ్ణి. సిగ్గు విడిచి మన సంఘంలోని ఒక అక్కయ్యగారికి ఫోను చేశాను. ఆదివారం రెండు గంటలు మంచులో కారు నడుపుకుంటూ, క్యారియరులో పప్పుచారు, దొండకాయ వేపుడు తెచ్చారు. వెళ్తూ వెళ్తూ, మరో డాక్టరు దగ్గరికి వెళ్తానని నా చేత మాట తీసుకున్నారు. వెళ్ళాను. మేలు జరిగింది.

ఈ ఆల్బమ్‌ను ఒంటరితనం ఇచ్చిన వరంగా చెప్తారు. పూర్తిగా నిజం కాదు. ఆ క్యాబిన్ నాన్నది. మధ్యమధ్య ఆయనే సరుకులు తెచ్చి ఇచ్చి వెళ్ళేవాడు. ఎమ్మా పాటలో ట్రంపెట్, ట్రాంబోన్ ఊదినవాళ్ళు వేరే ఇద్దరు. తలుపు మూసుకున్నవాడికి కూడా తలుపు తట్టేవాళ్ళు కావాలి.

మనలో చాలామందికి గంట దూరంలో నాన్న క్యాబిన్ లేదు. ఉన్నది ఈ సంఘం. కొత్తగా చిన్న ఊళ్ళకు వచ్చిన మనవాళ్ళు మీకు తెలిసే ఉంటారు. ఈసారి మొదటి మంచు పడ్డ రోజున వాళ్ళకు ఫోను చెయ్యండి. ‘బాగానే ఉన్నామండీ’ అంటారు. నమ్మకండి, క్యారియరు కట్టుకుని బయలుదేరండి. దారిలో ఈ పాటలు వినండి.

అందరికీ మంచి చలికాలం!