తహసీల్దారు జేబులో రహస్య కీ

తాళం ఏ చెవితో వేస్తే ఆ చెవితోనే తీయాలి. రహస్య సందేశాల విషయంలో వందల ఏళ్లు ఇదే నియమం నడిచింది. వేయడానికి ఒక చెవి, తీయడానికి వేరొకటి ఉండకూడదా అని 1970లో అడిగినవాడు బ్రిటిష్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో పనిచేసే జేమ్స్ ఎలిస్. అప్పుడు వేసే చెవిని ఊరంతా పంచినా భయం లేదు. 1973లో క్లిఫర్డ్ కాక్స్ అందుకు కావలసిన లెక్క కట్టాడు. సర్కారు ఆ కాగితాలను 1997 దాకా దాచింది. ఈలోగా అమెరికాలో డిఫీ, హెల్మన్ 1976లో, రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ 1977లో సొంతంగా అదే దారి పట్టారు. పేరు వాళ్లకే దక్కింది!

కాక్స్ లెక్కకు ఆధారం ఇదీ: రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం కంప్యూటరుకు చిటికెలో పని. వచ్చిన లబ్ధం నుంచి ఆ రెంటినీ రాబట్టడం, సంఖ్యలు తగినంత పెద్దవైతే, ఇప్పటి యంత్రాల వల్ల కాదు. వేసే చెవి, తీసే చెవి అనే ఈ కీల జంటను తిరగేసి వాడితే సంతకం అవుతుంది. రహస్య కీతో అధికారి చేసిన సంతకాన్ని అందరికీ తెలిసిన కీతో ఎవరైనా సరిచూడొచ్చు. ఫైలులో ఒక్క అంకె మారినా సంతకం చెల్లదు.

అయితే ఆ కీ ఫలానా అధికారిదేనని పూచీ ఎవరిది? పేరునూ కీనీ జతచేసి, నమ్మకమైన సంస్థ సంతకం పెట్టిన సర్టిఫికెట్ ఇవ్వాలని 1978లో ఎంఐటీ విద్యార్థి లోరెన్ కోన్‌ఫెల్డర్ సూచించాడు. మన దేశంలో ఇలాంటి సంస్థలకు లైసెన్సు ఇచ్చే సీసీఏ, 2000 నాటి ఐటీ చట్టంతో వచ్చింది. బ్యాంకుల కోసం ఆ లైసెన్సు పొందింది హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ.

దెబ్బ తగిలింది ఈ పూచీదారులకే. 2011లో నెదర్లాండ్స్ ప్రభుత్వానికి సర్టిఫికెట్లిచ్చే డిజినోటార్‌లో హ్యాకర్లు చొరబడి, గూగుల్ పేరిట సైతం దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. సంస్థ దివాలా తీసింది. 2014లో మన ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ నుంచే గూగుల్ పేరిట అక్రమ సర్టిఫికెట్లు వెలువడ్డాయి. వాటికి ఆధారమైన ఎన్‌ఐసీ సర్టిఫికెట్లనే సీసీఏ రద్దు చేయాల్సి వచ్చింది.

మండల ఆఫీసులో ప్రమాదానికి హ్యాకరు కూడా అక్కర్లేదు. తహసీల్దారు రహస్య కీ పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్‌లో ఉంటుంది. పని ఒత్తిడిలో డాంగిల్‌తోపాటు పిన్ నంబరునూ ఆపరేటరు చేతిలో పెడితే, ఆపరేటరు ఏ ఫైలుపై నొక్కినా అది తహసీల్దారు సంతకమే. కంప్యూటరుకు తేడా తెలియదు. చట్టం మాత్రం ఈ సంగతి ముందే ఊహించింది. రహస్య కీ చేయిదాటితే, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు ఆ సంగతి తెలిపేదాకా బాధ్యత కీ యజమానిదేనని ఐటీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది.