గాలి ఉమ్మడి, వెచ్చదనం ఉమ్మడి, నీళ్లు మాత్రం వేరు

రంగు చేపల దుకాణం పెట్టాలనుకునేవాళ్లు హైదరాబాద్‌లోని మా దుకాణానికి సలహా కోసం వస్తుంటారు. ఏ చేప బాగా అమ్ముడుపోతుందని అడుగుతారు. నేను వాళ్లను ట్యాంకుల వెనక్కి తీసుకెళ్లి పైపులు చూపిస్తాను. ఇంట్లో ఒక ట్యాంకుకు ఒక ఫిల్టరు, ఒక హీటరు చాలు. దుకాణంలో 40 ట్యాంకులుంటే ఆ లెక్క పనికిరాదు. ఏది అన్నిటికీ కలిపి పెట్టాలో, ఏది దేనికది ఉంచాలో ముందే తేల్చుకోవాలి.

చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి నీళ్లలో అమ్మోనియా పుడుతుంది. నీళ్లు తేటగా కనిపిస్తున్నా అది చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. ఫిల్టరు స్పాంజిలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటుతో హాని తక్కువ, వారం వారం కొంత నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. కొత్త స్పాంజిలో ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అద్దె మీద పడుతున్నా ఆగమనే చెబుతాను. స్పాంజిని పిండేటప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లే వాడాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది.

ఈ స్పాంజిలన్నిటికీ గాలి ఒక్క బ్లోయరు నుంచే అందుతుంది. గోడల చుట్టూ పీవీసీ పైపు తిప్పి, రెండు కొసల్నీ కలిపేస్తే చివరి ట్యాంకుకు కూడా ఒత్తిడి తగ్గదు. ట్యాంకుకొక చిన్న వాల్వు పెట్టి గాలిని సరిచేసుకోవాలి. బ్లోయరును నీటిమట్టానికి పైనే బిగించాలి. కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులోంచి వెనక్కి వచ్చి అందులోకి దిగుతాయి. ఇన్వర్టరు లైనులో ముందు ఉండాల్సింది లైట్లు కాదు, బ్లోయరు. గాలి ఆగితే చేపలతో పాటు బ్యాక్టీరియాకూ ఊపిరి అందదు.

ఇక వేడి. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మా ఊళ్లో చలి బాగానే ఉంటుంది. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో దాదాపు 50 లీటర్లు పడతాయి. లీటరుకు ఒక వాట్ అన్నది అందరూ వాడే లెక్క. ఆ లెక్కన 40 ట్యాంకులకు 2000 వాట్లు. కరెంటు బిల్లు కన్నా నా భయం వేరు. అన్ని హీటర్లలో ఏ ఒక్కదాని థర్మోస్టాట్ ఇరుక్కుపోయినా ఆ ట్యాంకు చేపలు ఉడికిపోతాయి. అందుకే గదినే వెచ్చగా ఉంచుతాను. గోడలకు థర్మోకోల్, తలుపు సందులకు రబ్బరు పట్టీ, ట్యాంకులపై గాజు మూతలు, గదికి ఒక హీటరు. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి 28 నుంచి 30 డిగ్రీలు కోరే డిస్కస్ పై వరుసలో, ఏంజెల్, గప్పీ మధ్యలో, చల్లదనం ఇష్టపడే గోల్డ్‌ఫిష్ కింద ఉంటాయి.

అన్ని ట్యాంకుల నీళ్లనూ ఒకే పెద్ద ఫిల్టరుకు కలిపితే పని సులువు. కానీ ఒక చేపకు తెల్లమచ్చల జబ్బు వస్తే అదే నీళ్లతో మిగతావాటికీ పాకుతుంది. యూవీ దీపం పెడితే తీవ్రత తగ్గుతుందే తప్ప పూర్తి రక్షణ దొరకదు. ఒక ట్యాంకులో వేసిన మందు కూడా అన్నిటికీ చేరుతుంది. అందుకే మా దగ్గర ఏ ట్యాంకు నీళ్లు ఆ ట్యాంకువే, ఏ ట్యాంకు వల దానిదే. కొత్తగా వచ్చిన చేపలు 2 వారాలు విడిగా ఉన్నాకే అమ్మకానికి వస్తాయి.

మీరు చేప కొనడానికి వెళ్లినప్పుడు స్పాంజిలోంచి బుడగలు వస్తున్నాయా, ట్యాంకులో థర్మామీటరు ఉందా చూడండి. ఈ చేప వచ్చి ఎన్నాళ్లయిందని అడగండి. "నిన్ననే వచ్చిందండీ, రెండు వారాలాగి రండి" అని చెప్పే దుకాణంలోనే కొనండి.